తరుగు

అరండల్‌పేట పదకొండో లైనులో
జిరాక్సు షాపు మీద గది నాది.
సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా
ఇంగ్లీషు అమ్ముతాను.
ఫ్యానుకి చప్పుడెక్కువ, గాలి తక్కువ.

ఖాసింబీ కన్నా ముందు ఆమె ఘాటు వస్తుంది.
ఆమె ఇంకా మెట్ల మీదుండగానే
ముందు బెంచీలో ఇద్దరు తుమ్ముతారు.
పొద్దున్నించీ కోల్డు స్టోరేజీ దగ్గర
తొడిమలు తీసి, తాలు ఏరి,
చేతులు మూడుసార్లు కడుక్కుని వస్తుందట.
మూడుసార్లు చాలవు.

ఆ రోజు పాఠం విశేషణం, క్రియావిశేషణం.
బోర్డు మధ్యన నిలువు గీత గీసి చెప్పాను.
ఇటువైపు వాళ్ళు పేరుని పట్టుకుని వేలాడతారు,
అటువైపు వాళ్ళు పని వెంట నడుస్తారు.
ఎర్ర కాయ.
కాయ ఎర్రగా ఎండింది.
మన 'గా' ఉన్నచోట వాళ్ళ 'ఎల్‌వై' అనుకోండి,
తొంభై పాళ్ళు తప్పు పోదు.

మిగతా పది పాళ్ళలోంచి లేచింది ఆమె చెయ్యి.

'మిర్చి ఈజ్ రెడ్లీ' అని రాసుకుంది.
కాదమ్మా, రెడ్ చాలు, అన్నాను.
"కాయ ఎర్రగా ఉంది అంటాం గదండీ,
గా ఉందిగా మరి?"

ఉంది.
ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను గాని
ఆ గా-ని నేను చూళ్ళేదు.
మన దగ్గర ఉండటం కూడా ఒక పనమ్మా,
ఎర్రగా ఉండాలి, బాగా ఉండాలి, చల్లగా ఉండాలి.
వాళ్ళ 'ఈజ్' వట్టి కాటా ముల్లు,
అటూ ఇటూ ఒకటేనని చూపించి ఊరుకుంటుంది.
అప్పటికప్పుడు అల్లి చెప్పాను.
ఆమె రాసుకోలేదు.

క్లాసు అయ్యాక మడతపెట్టిన కాగితం తీసింది.
ఎగుమతి కంపెనీలో శాంపిళ్ళు చూసే ఉద్యోగం.
కళ్ళు మూసి కాయ విరిచి
తేజానో బ్యాడిగో చెప్పగలదు,
అర్జీ మాత్రం ఇంగ్లీషులో అడిగారు.
నాలుగు వాక్యాలు.
మూడింటిని నేను ముట్టుకోవాల్సిన పనిలేదు.
నాలుగోది: ఐ వర్క్ హార్డ్లీ.

బ్యాంకు పరీక్షల కుర్రాడు, వాసిరెడ్డి వాళ్ళబ్బాయి,
ఆమె భుజం మీంచి చూసి కిసుక్కుమన్నాడు.
నేనూ నవ్వాను. అది కూడా చెప్పాలి.

హార్డ్లీ అంటే కష్టంగా అని కాదమ్మా,
చేసీ చెయ్యనట్టు, ఉందో లేదో అన్నట్టు.
స్లోకి తోక పెడితే నెమ్మదిగా,
నీట్‌కి పెడితే శుభ్రంగా,
హార్డ్‌కి మాత్రం పెట్టకూడదు.
పెడితే కష్టం ఎగిరిపోతుంది.

పెన్ను మూత కొరుకుతూ కూచుంది కాసేపు.
"మా తరుగులాగా," అంది.
ఏంటమ్మా?
"నలభై కేజీలు తీస్తానండి.
మేస్త్రీ కాటా పెట్టి
దుమ్మనీ, తేమనీ, గోతం బరువనీ
చివర్న ఓ గీత గీస్తాడు.
ముప్ఫై నాలుగు.
ఆ ఆరు కేజీలూ
నేను వర్క్ హార్డ్లీ అన్నమాట."

కుర్రాడు చెప్పులు వెతుక్కుంటూ ఆగిపోయాడు.
ఫ్యాను రెక్క ఎక్కడో తగులుతోంది, టక, టక.

ఎర్ర సిరాతో ఎల్‌వై కొట్టేశాను.
రెండక్షరాలే.
గీత మీద గీత, కాగితం చిరిగేంత.

ఆ కాగితం మడతల్లోంచి ఏదో వేలికంటిందేమో,
కళ్ళజోడు తీసి కన్ను తుడుచుకున్నాను,
అంతే.
గోడ పట్టుకుని కూజా దగ్గరికి పోయి
ముఖాన నీళ్ళు కొట్టుకుంటుంటే
"రుద్దమాకండి సార్, రుద్దితే ఎక్కువవుద్ది,"
వెనకనుంచి ఆమె గొంతు.
ఆగి, మళ్ళీ ఆమే,
"హార్డా సార్, హార్డ్లీనా?"

రెండు చెంబులయ్యాక గాని
నాకు నోరు పెగల్లేదు.